పదకొండో నంబరు గుండె గీత

గొర్రె మొహం చూసి దానికి భయం వేస్తోందో లేదో చెప్పగలనని ఎవరైనా అంటే నమ్మకండి. ఇరవై ఏళ్ళకు పైగా నేనూ ఆ మాట అన్నవాణ్ణే. భయపడిన గొర్రె చాలాసార్లు అరవదు, గింజుకోదు, ఊరికే నిలబడిపోతుంది. ఎంత నెమ్మదస్తురాలో అని మనం ముచ్చటపడతాం. లోపల దాని గుండె మాత్రం దడదడలాడిపోతూ ఉంటుంది. ఈ సంగతి నాకు తెలిసేనాటికి యాభై దాటాయి. తెలియజేసింది అగ్గిపెట్టెంత పరికరం ఒకటి.

నాయుడుపేట దాటాక హైవే దిగి కొంత దూరం లోపలికి వెళ్ళే రోడ్డు మీద ఉండేది మా ల్యాబు. పేరు ఇక్కడ అనవసరం. మనుషుల గుండెలో అమర్చబోయే పరికరాలను ముందు గొర్రెల గుండెల్లో పెట్టి చూసేవాళ్ళం. మన నెల్లూరు గొర్రెలకు ఒంటి మీద ఉన్ని ఉండదు, వెంట్రుక పొట్టి, కుట్లు వేయడానికీ కట్టు మార్చడానికీ వీలు. పశువైద్యంలో డిప్లొమా చేసి, కొన్నాళ్ళు ఊళ్ళమ్మట సూదులు వేసి, చివరికి అక్కడ చేరి రిటైరయ్యాను. ఇప్పుడు ఇలాంటి ల్యాబుల్లో చేరుతున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. పని నేర్పడానికి కాదు, పని నాకంటే మీకే బాగా వచ్చు. నేను చేసిన ఒక తప్పు చెప్పడానికి.

మొదట్లో గొర్రె గుండె ఎంత కొట్టుకుంటోందో తెలియాలంటే ఇద్దరం కలిసి దాన్ని గోడకు అదిమిపట్టేవాళ్ళం. ఒకడు మెడ పట్టుకుంటే ఇంకొకడు స్టెతస్కోపు పెట్టి లెక్కపెట్టేవాడు. అలా రాసుకున్న అంకెలు వందలకొద్దీ ఉన్నాయి. అవి గొర్రె గుండె లెక్కలని అనుకున్నాం. నిజానికి అవి మమ్మల్ని చూసి అది పడిన భయం లెక్కలు.

తర్వాత వైర్‌లెస్ వచ్చింది. ఆపరేషను చేసి గొర్రె పక్కటెముకల దగ్గర చర్మం కింద ఆ చిన్న పరికరం పెడతారు. గుండె వేగం, రక్తపోటు, ఒంటి వేడి అన్నీ అది గాల్లోకి పంపిస్తూ ఉంటుంది. దొడ్డి గోడకు బిగించిన పెట్టె వాటిని అందుకుంటుంది. వరండాకు అవతల గదిలో, స్క్రీన్ మీద, ఒక్కో గొర్రెకు ఒక్కో గీత; విడతకు ఆరు గొర్రెలు. దగ్గరకు వెళ్ళనక్కరలేదు, ముట్టుకోనక్కరలేదు. ఆ గది నాకు అప్పజెప్పారు. ఏసీ గది, తిరిగే కుర్చీ. ప్రమోషన్ వచ్చినంత సంబరపడ్డాను.

మా విభాగానికి పెద్ద ఒక లేడీ డాక్టరు. వయసులో నాకంటే పదిహేనేళ్ళు చిన్న, పనిలో చాలా ఖచ్చితం. మేమంతా మేడం అనేవాళ్ళం. వారం తిరక్కుండానే ఆమె గ్రాఫు కాగితం ఒకటి పట్టుకొచ్చి నా ముందు పెట్టారు.

"రోజూ తొమ్మిదింటికి అన్ని గొర్రెలకూ ఒకేసారి గుండె వేగం పెరుగుతోంది. ఎనభై ఉన్నది నూట నలభైకి పోతోంది. ఆ టైముకు దొడ్లోకి ఎవరు వెళ్తున్నారో రిజిస్టరు చూసి చెప్పండి."

చూశాను. తొమ్మిదికి సంతకం నాదే.

"జనరేటర్ వేసినట్టున్నారు మేడం," అన్నాను.

ఆమె కళ్ళద్దాల మీదుగా చూసి, "రోజూ మీరు లోపలికి వెళ్ళే టైముకేనా?" అని కాగితం అక్కడే వదిలేసి వెళ్ళిపోయారు. పరికరాలు బిగించడానికి వచ్చిన కుర్ర ఇంజనీరు పక్కనే ఉన్నాడు. "మీరు తలుపు తీయకముందే మిషన్‌కు తెలిసిపోతోంది సార్," అని నవ్వాడు. నాకు తల కొట్టేసినట్టయింది. నిజంగానే నేను వరండాలో ఉండగానే గీత పైకి లేస్తోంది. నా అడుగుల చప్పుడు వాటికి తెలుసు. సూది గుచ్చేదీ, రక్తం తీసేదీ, కట్టి పడుకోబెట్టేదీ ఈ అడుగులవాడేనని తెలుసు.

నేనేమో పశువులంటే ప్రాణమిచ్చే మనిషినని ఊరంతా చెప్పుకు తిరిగినవాణ్ణి. ఊరుకుంటానా? తోలు చెప్పులు మానేసి రబ్బరు బూట్లు వేశాను. తాళాల గుత్తి బల్ల మీద పెట్టి వెళ్ళాను. స్పిరిట్ వాసన పోవాలని మోచేతుల దాకా సబ్బుతో రుద్దుకున్నాను. ఇంటి దగ్గర నుంచి అవిశాకు కోసుకొచ్చి దొడ్డిలో కూర్చుని చేత్తో తినిపించాను. ఒక్కొక్కటే వచ్చి నా చేతిలోంచి తిన్నాయి. జయించాననుకుని పరుగున వచ్చి స్క్రీన్ చూశాను. ఆకు తిన్నంతసేపూ వాటి గుండెలు నూట ముప్పైకి తగ్గలేదు. నా చేతిలో తింటూనే భయపడ్డాయి.

ఇంకొకరు వెళ్ళినప్పుడు మాత్రం గీత కిందికి దిగేది. దొడ్డి చూసుకునే ఆవిడ వెళ్ళినప్పుడు.

ఆమెది వాకాడు వైపు ఊరు. నలభై దాటి ఉంటాయి. భర్త కృష్ణపట్నం పోర్టులో పని. చిన్నప్పటి నుంచీ గొర్రెల మధ్యే పెరిగిన మనిషి. ఆదివారం ప్రార్థనకు పోవాలి, ఆ పూట రానని చేరేటప్పుడే చెప్పింది. ఆమెకు ఒక అలవాటు ఉండేది. దొడ్డి తలుపు తీయకముందే వరండాలో నుంచే మాట్లాడుతూ వచ్చేది. "వస్తా ఉండా, వస్తా ఉండా. తోసుకోబాకండి. మీకు గాక ఇంకెవరికి తెస్తా." ఆ గొంతు వినపడగానే స్క్రీన్ మీద ఆరు గీతలూ మెల్లగా దిగేవి. ఆమె పెంటికలు ఊడ్చి, తొట్లు కడిగి, మేత వేసి బయటికి వచ్చేదాకా అలాగే ఉండేవి. పదకొండో నంబరు గొర్రె అయితే మరీ. కళ్ళ చుట్టూ నల్లటి మచ్చలున్న జోడిపి గొర్రె అది. ఆమె ఎటు నడిస్తే అటు, కొంగుకు మూతి ఆనించి తిరిగేది. దానికి డెబ్బై దాకా దిగేది.

నాకు ఈర్ష్యగా ఉండేదని దాచడమెందుకు.

చేరిన రోజున ఆమె నన్ను ఒకే ఒక్కటి అడిగింది. పరీక్షలన్నీ అయ్యాక గొర్రెలను కారిడార్ చివరనున్న గదికి తీసుకెళ్ళి, మత్తుమందే ఎక్కువ మోతాదులో ఇచ్చి చంపేవాళ్ళం. ఆ తర్వాత గుండె తీసి, లోపలి పరికరం ఎలా పనిచేసిందో చూసేవాళ్ళు. ఇది ఆమెకు ముందే చెప్పాం.

"మేపమంటే మేపుతా, ఎత్తమంటే ఎత్తుతా. ఆ గదికి మాత్రం నన్ను పిలవబాకన్నా," అంది.

"నేనుండగా నిన్ను ఆ గదికి పిలిచేవాడెవడమ్మా," అన్నాను. మాటివ్వడంలో నాకెప్పుడూ చెయ్యి పెద్దదే.

మొదటి విడత గొర్రెలను ఆ గదికి నేనే తీసుకెళ్ళాను. మత్తు ఇచ్చే ముందు ఒక అరగంటపాటు గుండె నిమ్మళంగా ఉన్నప్పటి లెక్క కావాలి. తర్వాత తీసి చూసే గుండెను ఆ లెక్కతో పోల్చాలి. నా వెంట వచ్చిన గొర్రెల గుండెలు నిమ్మళంగా ఎలా ఉంటాయి? గీతలన్నీ చెట్టెక్కి కూర్చున్నాయి. లెక్కలు పనికిరాలేదు. మేడం చాలా బాధపడ్డారు. "ఇవి ఊరికే చచ్చిపోయినట్టయింది. మళ్ళీ ఇంకో విడత పెట్టాలి," అన్నారు.

రెండో విడత గడువు దగ్గరపడింది. అందులో పదకొండో నంబరు ఉంది. అప్పుడు తట్టింది నాకు, దొడ్డి చూసుకునే ఆవిడ చేత తెప్పిస్తే అని. ఆలోచన నాదే. ఎవరూ చెప్పలేదు, ఎవరూ బలవంతపెట్టలేదు. లెక్కలు బాగా వస్తే ఇంకో ఆరు గొర్రెలు బతుకుతాయి కదా, ఈ గొర్రెలు కూడా భయపడకుండా పోతాయి కదా అని నాకు నేను బాగా నచ్చజెప్పుకున్నాను. అందులో అబద్ధం లేదు. కానీ మేడం దగ్గర పోయిన పరువు తిరిగొస్తుందన్న ఆశ కూడా ఉంది.

వెళ్ళి మేడంకు చెప్పాను. "ఏం జరుగుతుందో మొత్తం చెప్పి అడగండి. వద్దంటే వదిలేయండి," అన్నారు.

"నేను చూసుకుంటాను మేడం," అన్నాను.

ఆ సాయంత్రం ఆమె తొట్లు కడుగుతుంటే వెళ్ళాను. రేపు ఆ గదిలో మూడు గొర్రెలకు ఆఖరు పరీక్ష ఉందని, ముందు మత్తు ఇస్తారని, మత్తు ఎక్కేదాకా పక్కన ఉంటే చాలని చెప్పాను.

ఆమె చేతిలోని చీపురు ఆగింది. "ఆ గదికా అన్నా?"

"పరీక్షకేనమ్మా. నువ్వుంటే అవి బెదరవు."

"నేను వచ్చేసినాక గదా మిగిలింది?"

"ఆఁ," అన్నాను.

మత్తుకూ చావుకూ మధ్య అక్కడ వ్యవధి లేదని నాకు తెలుసు. ఒకే మందు, ఒకే సూది. నిద్రలోకి జారడం, గుండె ఆగడం నిమిషాల్లో అయిపోతాయి. ఆమె లేచి రావడానికి మధ్యలో ఏ సందూ లేదు. తెలిసే ఆఁ అన్నాను.

మర్నాడు పొద్దున్నే, ఎండ ముదరకముందే మొదలుపెట్టాం. గిట్టలు జారకుండా ఆ గది నేల మీద గోనెపట్టాలు పరిచింది ఆమే. నేను స్క్రీన్ ముందు కూర్చున్నాను. పక్కన ఇంజనీరు. వరండాలో ఆమె గొంతు వినిపించింది. "రా, రా. నాతోనే రా. యాడికీ పోం." తాడు లేదు, తోలడం లేదు. పదకొండో నంబరు ఆమె వెనకాలే నడిచి గదిలోకి వెళ్ళింది. ఆమె గోనెపట్టా మీద చతికిలబడితే అది కూడా పక్కన పడుకుని ఒళ్ళో తల పెట్టుకుందట. ఇది తర్వాత మేడం చెప్పారు. నేను చూసింది గీతను మాత్రమే.

అరగంటసేపు ఆ గీత డెబ్బై, డెబ్బై రెండు, డెబ్బై. అంత చక్కటి గీత నా ఉద్యోగంలో చూడలేదు. మందు ఎక్కించే వేళకు కూడా తొణకలేదు. అక్కడి నుంచి నెమ్మదిగా దిగడం మొదలుపెట్టింది. "సూపర్," అని ఇంజనీరు తొడ మీద చరిచాను. నవ్వుతూ చరిచాను. కాసేపటికి గీత నేలకు ఆనింది.

ఆమె బయటికి వచ్చి వరండాలో నిలబడింది. నేను ఎదురు వెళ్ళాను. చీర ముందుభాగం గొర్రె చొంగతో తడిసి ఉంది.

"అది మత్తు కాదన్నా," అంది.

నేను ఆ తడి వైపే చూస్తున్నాను.

"ఒళ్ళో తల బరువెక్కిపోయింది. నిద్దరపోయిన తలకూ పానం పోయిన తలకూ నాకు తేడా తెలవదనుకున్నావా?"

అరిచి ఉంటే నయం. మామూలుగా, మేత అయిపోయిందని చెప్పినట్టు చెప్పింది. "నువ్వు ఇంటికి పోమ్మా. మిగిలిన రెండూ నేను తెస్తాలే," అన్నాను.

ఆమె నన్ను కాళ్ళ నుంచి తల దాకా చూసింది. అసహ్యంగా కాదు. లెక్కకట్టినట్టు చూసింది.

"నువ్వు తెస్తే భయపడతాయి గదన్నా," అంది.

దొడ్డి వైపు తిరిగింది. రెండడుగులు వేశాక గొంతు సవరించుకుంది. రోజూ పలికినట్టే పలికింది. "వస్తా ఉండా, వస్తా ఉండా." ఆ గొంతులో ఏ మార్పూ లేదు. ఎంత కష్టపడి మార్పు లేకుండా చేసుకుందో నాకు తెలియదు. గొర్రెలకు కూడా తెలియలేదు. మిగిలిన రెండింటి గీతలు నేను చూడలేకపోయాను. ఇంజనీరు చూశాడు. అవి కూడా చక్కగా వచ్చాయన్నాడు.

మేడం చేతి తొడుగులు తీస్తూ బయటికి వచ్చారు. మొహం తెరిపిన పడి ఉంది. "చాలా ఓపికగా చేసిందావిడ. మీరు అంతా ముందే చెప్పారు కదా?"

"చెప్పాను మేడం."

మధ్యాహ్నం ఆమె స్క్రీన్ గదికి వచ్చింది. అంతకుముందు ఎన్నడూ రాలేదు. చెప్పులు బయటే విడిచింది. పదకొండుది ఏదో చూపించమంది. వేలుతో చూపించాను. ఆమెను ఎలాగైనా ఓదార్చాలని ఉంది నాకు. చేతనైనది అదొక్కటే. "ఇదిగో, ఇక్కడ గదిలోకి వచ్చింది. ఇక్కడ మందు ఇచ్చారు. చూడు, ఎక్కడన్నా పైకి లేచిందా? ఇసుమంత కూడా భయపడలేదమ్మా."

"కడదాకా నమ్మినట్టేనా?"

"నమ్మినట్టే," అన్నాను.

ఆమె చాలాసేపు ఆ గీతను చూసింది. ఏడవలేదు. తర్వాత చెప్పులు వేసుకుని, మిగిలిన మూడు గొర్రెలకు సాయంత్రం మేత వేసి, తొట్లు కడిగి వెళ్ళింది. మర్నాడు రాలేదు. రెండు రోజులకు ల్యాబు కోటు ఉతికి, మడతపెట్టి, అటునుంచి వచ్చే మనిషి చేతికి ఇచ్చి పంపింది.

మిగిలిన మూడింటి గడువూ తీరింది. వాటిని నేనే తీసుకెళ్ళాను. ఎలా పోయాయో చెప్పనక్కరలేదు.

పదకొండో నంబరు గీత మాత్రం చాలాచోట్లకు వెళ్ళింది. నివేదికలో అచ్చయింది. కొత్తగా చేరినవాళ్ళకు శిక్షణ ఇచ్చేటప్పుడు తెర మీద వేసి, జంతువును బెదరకుండా పట్టుకోవడమంటే ఇదీ అని నేనే చెప్పేవాణ్ణి. పిల్లలు ఫోన్లు పైకెత్తి ఫోటోలు తీసుకునేవాళ్ళు. ఎవరు పట్టుకున్నారని ఒక్కరూ అడగలేదు. అడిగితే ఏం చెప్పాలా అని ప్రతిసారీ గుండె పట్టుకుని నిలబడేవాణ్ణి. నాకు ఆ పరికరం పెట్టి ఉంటే తెలిసేది.

ఆమె లేని దొడ్డిలో గీతలు కుదురుగా ఉండలేదు. మనుషులను మార్చాం, మేత మార్చాం. నెలన్నర చూసి మేడం నన్ను పిలిచారు. "ఒకసారి ఆవిడ ఊరు వెళ్ళి రండి. ఆ గది పని ఇంకెప్పుడూ చెప్పబోమని నా మాటగా చెప్పండి," అన్నారు.

నాయుడుపేటలో బస్సెక్కి వాకాడులో దిగి, అక్కణ్ణుంచి ఆటోలో వెళ్ళాను. రేకుల ఇల్లు, ముందు చిన్న పంచ. భర్త డ్యూటీకి వెళ్ళాడట. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, టీ పెట్టింది.

"తప్పు చేసినానమ్మా. నీకు అబద్ధం చెప్పి ఆ గదికి పంపినా," అన్నాను.

"తెలుసన్నా."

"మేడం మంచిదే. నీకు అంతా చెప్పమనే చెప్పింది. నేనే చెప్పలా."

ఆమె గుమ్మానికి ఆనుకుని కూర్చుంది. "మొదటిదంటే నువ్వు చెప్పలేదు కాబట్టి నేను తెచ్చినా. దాని పాపం నీదని అనుకోవచ్చు. రెండోది, మూడోది నాకు తెలిసే తెచ్చినా గదన్నా. పిలిస్తే వచ్చినాయి. వాటికేం చెప్పేది?"

"అవి భయపడకుండా పోయినాయమ్మా. నీ వల్లే."

"అదే గదా నేను చెప్పేది," అంది.

ఇంటి పక్కన దడి కట్టిన గొర్రెల దొడ్డి కనిపించింది. ఖాళీగా ఉంది. మేతకు పోయాయా అని మాట మార్చడానికి అడిగాను. లేవంది. ఉన్న ఎనిమిదింటినీ తోడికోడలికి ఇచ్చేసిందట. ఆమె మందలో కలిపేశారట. భర్తకు చెబితే మొదట అరిచాడని, తర్వాత ఊరుకున్నాడని చెప్పింది. "ఆయనకు నేనేం చెప్పేదన్నా, పొద్దున దొడ్డి తలుపు తీసి పిలుద్దామంటే..." అని ఏదో చెప్పబోతోంది.

రోడ్డు మీద దుమ్ము లేచింది. తోడికోడలి మంద ఇంటికి మళ్ళింది. ఆమె మాట మధ్యలో ఆపేసింది. కొంగు తీసి నోటికి అడ్డం పెట్టుకుంది. నేను ఏదో అనబోతే చెయ్యెత్తి వద్దని సైగ చేసింది. గొర్రెలు దడి పక్కనుంచి ఒకటొకటిగా పోతున్నాయి. ఒక గొర్రె ఖాళీ దొడ్డి ముందు ఆగింది. దాని వెనక మరో రెండు ఆగాయి. తల ఎత్తి, చెవులు నిక్కించి, పంచ వైపు చూస్తూ నిలబడ్డాయి. ఆమె కళ్ళు మూసుకుంది. కొంగు మాత్రం తీయలేదు. వెనక నుంచి తోడికోడలు హెయ్ హెయ్ అని అదిలిస్తే, రెండుసార్లు వెనక్కి తిరిగి చూసి, మందలో కలిసి వెళ్ళాయి.

మంద మలుపు తిరిగేదాకా ఆగి కొంగు తీసింది. చెంపలు తడిసి ఉన్నాయి.

"గొంతు వింటే వచ్చేస్తాయన్నా," అంది, నాకు కూడా సరిగా వినపడనంత మెల్లగా.